ఈ సీజన్‌లో ఏ అఫెన్స్‌ని నమ్మాలి? ఎవరొచ్చారని అడిగే ముందు ఎవరు పోయారో చూడండి

ఇది 2025 ఆగస్టు చివర్లో రాస్తున్నా. 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ వచ్చే గురువారం, సెప్టెంబర్ 4న మొదలవుతోంది. ఈ సోమవారం లేబర్ డే సెలవు కాబట్టి మా పదిమంది ఫ్యాంటసీ లీగ్ డ్రాఫ్ట్ ఆ రోజే, మా బావ వాళ్ల గరాజ్‌లో. ఫ్యాంటసీ అంటే అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని (అదే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్), మ్యాచ్‌ల్లో వాళ్ల అంకెలతో మనం పాయింట్లు లెక్కేసుకునే ఆట. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా తెలుగువాళ్ల గ్రూపులో వారం రోజులుగా వేరే టాపిక్ లేదు, ఈసారి ఏ జట్టు అఫెన్స్ (బంతి పట్టుకుని పాయింట్లు కొట్టే దళం) దుమ్ము లేపుతుంది, ఎవరిది ఉత్త గాలి, ఇదే గొడవ. ఇంకా ఒక్క అసలు మ్యాచ్ కూడా జరగలేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, అయినా ఒకడు ఫిలడెల్ఫియా ఈగల్స్ అంటాడు, ఇంకొకడు బాల్టిమోర్ రేవెన్స్ అంటాడు, మా బావ ఏటా లాగే డాలస్ కౌబాయ్స్ అంటాడు. ఈ మధ్యే లీగ్‌లో చేరిన ఇద్దరు కుర్రాళ్లు "అన్నా, అసలు ఎలా ఎంచుకోవాలి, ఎవరి మాట నమ్మాలి" అని అడిగారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా.

ముందు నా పరువు నేనే తీసుకుంటా. పోయినేడాది ఇదే టైమ్‌కి నేను చికాగో బేర్స్‌ని నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాం చెప్పండి? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్‌గా వచ్చిన కేలెబ్ విలియమ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), అది పట్టే రిసీవర్లలో డీజే మూర్ అప్పటికే ఉన్నాడు, కీనన్ ఆలెన్‌ని తెచ్చారు, తొమ్మిదో పిక్‌తో రోమ్ ఒడూంజేని తీసుకున్నారు, పరిగెత్తడానికి డాండ్రే స్విఫ్ట్. కాగితం మీద చూస్తే పెళ్లి విందు మెనూ. నేను నా టీమ్‌లో వాళ్లలోనే ముగ్గురిని వేసుకున్నా. సీజన్ అయ్యేసరికి కేలెబ్ 68 సార్లు సాక్ అయ్యాడు (బంతి విసరకముందే అవతలివాళ్లు పడగొట్టేశారు), నవంబర్ మధ్యలో అఫెన్స్ కోఆర్డినేటర్ (అఫెన్స్‌ని నడిపే కోచ్) పోయాడు, నెలాఖరుకి హెడ్ కోచ్ కూడా పోయాడు, 5 గెలిచి 12 ఓడారు. మా లీగ్‌లో ఆఖరున నిలిచినవాడు అందరికీ దమ్ బిర్యానీ వండిపెట్టాలన్నది రూలు. జనవరి చలిలో గరాజ్ తలుపు సగం ఎత్తి, పెద్ద గిన్నెకి పిండి చుట్టి, పదిమందికి నేనే వండాను, అది కూడా అడుగంటింది. తప్పు అచ్చంగా నాదే. మెనూ చూశాను గానీ పొయ్యి దగ్గర ఎవరున్నారో చూడలేదు.

పొయ్యి అంటే ఇక్కడ లైన్. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడ కట్టే ఐదుగురు. వాళ్లు మామూలుగా బంతి ముట్టుకోరు (మధ్యలో ఉండే సెంటర్ ఒక్కడే కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు), స్కోరులో పేరు రాదు, ఫ్యాంటసీలో సున్నా. కానీ వాళ్లు రెండు మూడు సెకన్లు అవతలివాళ్లను ఆపలేకపోతే ఎంత గొప్ప రిసీవర్ అయినా దూరంగా చెయ్యి ఎత్తి నిలబడటమే. ఆ తర్వాత ముఖ్యమైనవాడు ఏ డౌన్‌లో (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నంలో) ఏ ప్లే (ముందే అనుకున్న ఎత్తు) ఆడాలో పిలిచే మనిషి, అది కోఆర్డినేటర్ కావచ్చు, హెడ్ కోచే కావచ్చు. వేసవి మూడు నెలలూ వార్తలన్నీ ఎవరొచ్చారనే దాని చుట్టూనే తిరుగుతాయి, కొత్త జెర్సీ పట్టుకుని ఫోటో దిగిన రిసీవర్ గురించే మాట్లాడతారు. మీరు రివర్స్‌లో వెళ్లండి. లైన్‌లోంచి ఎవరు పోయారు, ప్లేలు పిలిచేవాడు మారాడా, ఈ రెండూ చూశాకే రిసీవర్ల దగ్గరికి రండి. నేను ఈ ఏడాది మొత్తం ఇదే పద్ధతిలో చూశాను.

ప్రీసీజన్ మ్యాచ్‌ల (అసలు సీజన్‌కి ముందు ఆడే ప్రాక్టీసు మ్యాచ్‌ల) గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఆ స్కోర్లు పట్టించుకోవద్దు. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగు గెలిచి, అసలు సీజన్‌లో పదహారుకి పదహారూ ఓడారు. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా అచ్చం అంతే, నాలుగుకి నాలుగు, తర్వాత 0-16. బాల్టిమోర్ అయితే 2023 ఆగస్టు వరకు వరసగా 24 ప్రీసీజన్ మ్యాచ్‌లు గెలిచింది, ఆ మధ్యలో ఒక్క సూపర్ బౌల్ (ఫైనల్) కూడా గెలవలేదు. స్టార్లు బెంచీ మీద కూర్చుని ఉంటారు, మంచి ప్లేలన్నీ దాచిపెట్టుకుంటారు. అక్కడ కొట్టిన టచ్‌డౌన్ (బంతిని అవతలి చివర గీత దాటించడం) చూసి మురిసిపోవడం వాపు చూసి బలుపు అనుకోవడమే.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది తెలివైనవాళ్లు కూడా పడే ఉచ్చు. పోయినేడాది అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టిన జట్టు ఈసారీ అంతే కొడుతుందని లెక్క వేసుకోవడం. 2007లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ 589 పాయింట్లు కొట్టారు, మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లోనే టామ్ బ్రేడీ మోకాలు పోయి 410కి పడ్డారు. సరే, అది గాయం అనుకుందాం. 2011లో గ్రీన్ బే 560, తర్వాత 433. 2013లో పేటన్ మ్యానింగ్ 55 టచ్‌డౌన్లు విసిరిన డెన్వర్ 606, ఇప్పటికీ రికార్డు అదే, తర్వాత 482. 2018లో కాన్సస్ సిటీ 565, తర్వాత 451, అయితే ఆ 451 ఏడాదే వాళ్లు సూపర్ బౌల్ గెలిచారనుకోండి, పాయింట్లు తగ్గితే జట్టు చెడినట్టు కాదు. అంత దూరం ఎందుకు, మన ఊరి జట్టే చూడండి, 2023లో డాలస్ 509 పాయింట్లతో లీగ్‌లోనే ఫస్ట్, 2024లో 350. ఈ ఐదింటిలో వంద పాయింట్ల కన్నా తక్కువ పడినది ఒక్కటీ లేదు. అవతలి జట్లు ఏడాదంతా వీడియోలు చూసి మందు కనిపెడతాయి, గాయాలు అవుతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ విజయం చూసి పక్క జట్లవాళ్లు వచ్చి కోచ్‌లను ఎగరేసుకుపోతారు.

ఇక అసలు పోలికలకు వస్తే, ముందు డెట్రాయిట్, ఫిలడెల్ఫియా. రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి కారణం, రెండు చోట్లా ప్లేలు పిలిచేవాడు హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు.

లయన్స్ పోయినేడాది 564 పాయింట్లు, మ్యాచ్‌కి 33 పైనే. మూడేళ్లుగా ఆ అఫెన్స్‌ని నడిపిన బెన్ జాన్సన్ జనవరిలో చికాగో హెడ్ కోచ్ అయిపోయాడు, అదే డివిజన్‌లో, ఏటా రెండుసార్లు ఎదురుపడే జట్టుకి! ఆయన చోట జాన్ మార్టన్ వచ్చాడు. ఇంత వరకు అందరికీ తెలిసిందే. నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి. సెంటర్ ఫ్రాంక్ రాగ్నో జూన్‌లో, 29 ఏళ్లకే రిటైర్ అయ్యాడు. పక్కన ఉండే గార్డ్ కెవిన్ జైట్లర్ టెనెసీ వెళ్లిపోయాడు. జారెడ్ గాఫ్ పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ కాదు, పాకెట్‌లో, అంటే లైన్ వెనక నిలబడి విసిరేవాడు, పక్కల నుంచి వచ్చేవాళ్ల సంగతి ఎలాగోలా చూసుకుంటాడు గానీ సరిగ్గా ఎదురుగా, ముఖం మీదికి తోసుకొచ్చేవాడు కనబడితే బంతి గతి తప్పుతుంది. అలాంటివాడి ముందు మధ్యలో రెండు ఇటుకలు తీసేశారు. చివర్లలో పెనే స్యూవెల్, టేలర్ డెకర్ ఉన్నారు, పరిగెత్తే జమీర్ గిబ్స్, రిసీవర్ అమోన్‌రా సెయింట్ బ్రౌన్ ఉన్నారు, మంచి అఫెన్సే. పై లెక్క ప్రకారం వంద తీసేసినా 464, అంటే మ్యాచ్‌కి 27 పైన. చాలా జట్లు అది వస్తే చాలనుకుంటాయి. కానీ ఫస్ట్ ప్లేస్ మీద పందెం వేయమంటే వేయను.

ఈగల్స్ కథ ఇంకా విచిత్రం. ఫిబ్రవరిలో కాన్సస్ సిటీని 40-22తో చితక్కొట్టి సూపర్ బౌల్ గెలిచారు, కోఆర్డినేటర్ కెలెన్ మూర్ న్యూ ఆర్లీన్స్ హెడ్ కోచ్‌గా వెళ్లాడు, లోపలే ఉన్న కెవిన్ పటూలోకి పదోన్నతి ఇచ్చారు. ఇది ఇంతకు ముందు చూసిన సీన్ లాగా లేదూ? 2022 సీజన్ సూపర్ బౌల్ అవగానే షేన్ స్టైకెన్ ఇండియానాపోలిస్ వెళ్లాడు, లోపలివాడే బ్రయాన్ జాన్సన్‌కి ఇచ్చారు, 2023లో 10-1తో మొదలై 11-6తో ముగిసి ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) మొదటి మ్యాచ్‌కే ఇంటికెళ్లారు. ఈసారీ అలాగే అవుతుందని నేను అనట్లేదు, లైన్‌లో ఐదుగురిలో నలుగురు పాతవాళ్లే, గార్డ్ మెఖై బెక్టన్ ఒక్కడే చార్జర్స్‌కి పోయాడు, దానికి తోడు జెఫ్ స్టౌట్‌లండ్ లాంటి లైన్ కోచ్ ఉన్నాడు. అందుకే లయన్స్ కన్నా ఈగల్స్‌కి దెబ్బ తక్కువ అంటాను.

కానీ ఫ్యాంటసీలో ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) సేక్వాన్ బార్క్లీని మొదటి పిక్‌గా తీసుకోబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పోయినేడాది 2,005 యార్డులు పరిగెత్తాడు, ప్లేఆఫ్స్ కలిపితే 2,504, అంత ఎప్పుడూ ఎవరూ పరిగెత్తలేదు. ఒక సీజన్‌లో రెండువేలు దాటినవాళ్లలో ఆయన తొమ్మిదోవాడు. ముందు ఎనిమిది మందిలో మరుసటి ఏడాది 1,500 దాటినవాడు ఒక్కడు కూడా లేడు. బ్యారీ శాండర్స్ 1,491 దాకా వచ్చాడు. టెరెల్ డేవిస్ నాలుగో మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు, డెరిక్ హెన్రీ ఎనిమిది మ్యాచ్‌లకే పాదం విరగ్గొట్టుకున్నాడు. శరీరం కూడా ఎక్కడో బాకీ రాసుకుంటుంది. బార్క్లీ నాలుగో అయిదో పిక్‌లో దొరికితే తీసుకోండి, మొదటిది మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు ఇష్టమైన పోలిక, బఫలో, బాల్టిమోర్. రెండూ పోయినేడాది అయిదు వందలు దాటాయి, బఫలో బిల్స్ 525, రేవెన్స్ 518. రెండు చోట్లా ప్లేలు పిలిచేవాడు మారలేదు, అక్కడ జో బ్రేడీ, ఇక్కడ టాడ్ మంకెన్. రెండు చోట్లా ఎంవీపీ (ఏడాదికి అత్యుత్తమ ఆటగాడి అవార్డు) గెలిచిన క్వార్టర్‌బ్యాక్. పోయినేడాది అవార్డు బఫలో జాష్ అలెన్‌కి ఇచ్చారు గానీ అంకెలు చూస్తే బాల్టిమోర్ లమార్ జాక్సన్‌వే ఘనం, 4,172 యార్డులు విసిరి 915 పరిగెత్తాడు, 41 టచ్‌డౌన్లకు నాలుగంటే నాలుగే ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల చేతిలో పడ్డ బంతులు). నాలుగువేలు విసిరి తొమ్మిది వందలు పరిగెత్తినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. పక్కన రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ 1,921 యార్డులు పరిగెత్తాడు.

అసలు ఆ ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కసారి దగ్గరగా చూడండి. లమార్ బంతి అందుకుని హెన్రీ పొట్టకి ఆనిస్తాడు, ఇచ్చినట్టే ఉంటుంది, ఇంకా వదల్లేదు. అర సెకను. కళ్లు మాత్రం హెన్రీ మీద ఉండవు, చివర్లో నిలబడ్డ డిఫెండర్ భుజాల మీద ఉంటాయి. వాడు లోపలికి, హెన్రీ వైపు ఒక్క అడుగు వేశాడా, లమార్ బంతి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటు నుంచే బయటికి పరుగు. వాడు కదలకుండా నిలబడ్డాడా, బంతి హెన్రీ చేతికి, ఇక 240 పౌండ్ల పైబడిన మనిషి మధ్యలోంచి దూసుకొస్తాడు. ఏం చేసినా ఆ డిఫెండర్ చేసింది తప్పే అవుతుంది. 2024 సెప్టెంబర్‌లో ఇదే బఫలో మీద రేవెన్స్ అఫెన్స్ ఆడిన మొదటి ప్లేకే హెన్రీ 87 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు, ఆ రాత్రి 35-10. మొదటిసారి ఫుట్‌బాల్ చూసేవాళ్లకి నేను ఎప్పుడూ బాల్టిమోరే చూపిస్తా, మోసం ఎలా జరుగుతుందో కంటికి కనబడుతుంది.

మరి బఫలోని ఎందుకు పైన పెడుతున్నా? పోయింది ఎవరని చూస్తే అక్కడ లైన్‌లో పోయినవాళ్లే లేరు. ఐదుగురూ పాతవాళ్లే. పోయినేడాది సీజన్ మొత్తంలో అలెన్ సాక్ అయింది 14 సార్లు, నా కేలెబ్ 68తో పోల్చుకుని ఏడవొచ్చు. పదిహేడు మ్యాచ్‌ల్లో ఆ జట్టు బంతి పోగొట్టుకున్నది మొత్తం ఎనిమిదే సార్లు. వెయ్యి యార్డుల రిసీవర్ ఒక్కడు లేడు, అందరికన్నా ఎక్కువ ఖలీల్ షకీర్‌వి 821, అయినా 525 పాయింట్లు. అంటే ఒక్కడి మీద ఆధారపడిన ఇల్లు కాదు, ఒక స్తంభం పోయినా నిలబడుతుంది. రన్నింగ్ బ్యాక్ జేమ్స్ కుక్ కాంట్రాక్టు కోసం అలిగాడు, అది కూడా ఆగస్టులో తేలిపోయింది. బాల్టిమోర్‌లో ఎడమ గార్డ్ ప్యాట్రిక్ మెకారి పోయాడు, టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి అడ్డుకుంటూ బంతీ పట్టేవాడు) ఐజయా లైక్లీకి పాదం గాయం, హెన్రీకి 31 ఏళ్లు, కిక్కర్ టైలర్ లూప్ ఈ ఏడాది వచ్చిన కుర్రాడు. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ జనవరిలో ఇవే రెండు జట్లు ప్లేఆఫ్స్‌లో తలపడినప్పుడు తేడా చిన్నదే కదా. బయట మంచు, రేవెన్స్ యార్డులు ఎక్కువే చేశారు, కానీ బంతి మూడుసార్లు పోగొట్టుకున్నారు, బఫలో ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. ఆఖర్లో స్కోరు సమం చేయడానికి రెండు పాయింట్ల ప్రయత్నం, లమార్ విసిరిన బంతి మార్క్ ఆండ్రూస్ చేతుల్లోకి సరిగ్గా వచ్చింది, జారిపోయింది. 27-25తో బఫలో గెలిచింది. అలెన్‌కి ఆ రాత్రి గొప్ప అంకెలేం లేవు, బంతి మాత్రం వదల్లేదు. ఏడాది మొత్తం మీద ఎక్కువ పాయింట్లు ఎవరివి అని పందెం వేస్తే నేను బంతి వదలనివాడి మీదే వేస్తా.

సిన్సినాటి మీద మా గ్రూపులో కొట్లాట ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ జో బర్రో పోయినేడాది 4,918 యార్డులు, 43 టచ్‌డౌన్లు, రెండింట్లోనూ లీగ్‌లో ఫస్ట్. రిసీవర్ జామార్ చేజ్ 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, 17 టచ్‌డౌన్లు, మూడింట్లోనూ ఫస్ట్. అయినా జట్టు 9-8, ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఎందుకంటే డిఫెన్స్, అంటే అవతలివాళ్లను ఆపాల్సిన దళం. బాల్టిమోర్ చేతిలో 41-38, మళ్లీ వాళ్ల చేతిలోనే 35-34, పిట్స్‌బర్గ్ చేతిలో 44-38, ఇవన్నీ ఓడిన మ్యాచ్‌లు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. డిఫెన్స్ చిల్లుల గిన్నె అయితే అఫెన్స్ ఆఖరి నిమిషం దాకా విసురుతూనే ఉండాలి, ఆగే వీలు లేదు, అందుకే ఆ అంకెలు. జట్టుకి శాపం, ఫ్యాంటసీ వాళ్లకు వరం. చేజ్, టీ హిగ్గిన్స్ ఇద్దరికీ మార్చిలో పెద్ద కాంట్రాక్టులు ఇచ్చి ఉంచేసుకున్నారు, ప్లేలు పిలిచేది జ్యాక్ టేలరే. ఒక్కటే చికాకు, ఈ జట్టుకి నిద్ర లేవడం ఆలస్యం, గత మూడు సీజన్లూ మొదటి రెండు మ్యాచ్‌లు ఓడే మొదలుపెట్టింది. ఈసారి బర్రోని ప్రీసీజన్‌లో దింపింది కూడా ఆ మందకొడితనం వదిలించడానికే అనుకుంటా.

వాషింగ్టన్ గురించి రెండు ముక్కలు. కుర్ర క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ బంగారం. కానీ రెండో ఏడాది అనేది ఒకటుంది. 2023లో హ్యూస్టన్ కుర్రాడు సీజే స్ట్రౌడ్ మొదటి ఏడాది 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు, మరుసటి ఏడాది స్టెఫాన్ డిగ్స్‌ని కూడా తెచ్చిపెడితే 20కి 12, సాక్‌లు 52. తేడా ఏంటంటే వాషింగ్టన్ ఈ ఏడాది మార్చిలోనే రిసీవర్ డీబో శామ్యూల్‌తో పాటు లారెమీ టన్సిల్‌ని, అంటే ఎడమ టాకిల్‌ని (లైన్‌లో ఎడమ చివర నిలబడేవాడిని) కూడా తెచ్చుకుంది. పొయ్యి సంగతి చూసుకున్నారు. అందుకే కాస్త నమ్మకం.

చికాగో కూడా ఈసారి పొయ్యి దగ్గరే డబ్బు పెట్టింది, జో థూనీ, డ్రూ డాల్‌మన్, జోనా జాక్సన్, మధ్యలో ముగ్గురూ కొత్తవాళ్లు, పైన బెన్ జాన్సన్. నా పద్ధతి ప్రకారం మార్కులు ఇవ్వాలి. ఇస్తాను గానీ నా టీమ్‌లో మాత్రం ఒక్కడిని కూడా వేసుకోను. అడుగంటిన గిన్నె తోమింది నేను.

ఇక మా బావ జట్టు, డాలస్. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ గాయం నుంచి తిరిగొచ్చాడు, సీడీ లాంబ్ పక్కన జార్జ్ పికెన్స్‌ని తెచ్చారు, కొత్త హెడ్ కోచ్ బ్రయాన్ షాటెన్‌హైమర్ తనే ప్లేలు పిలుస్తాడు. "ఇద్దరు నంబర్ వన్ రిసీవర్లు రా, ఎవరిని ఆపుతారు?" అంటాడు బావ. "జ్యాక్ మార్టిన్ రిటైరయ్యాడు కదా బావా, కుడి గార్డ్ ఎవరు?" అంటే, టైలర్ బుకర్ అనే కొత్త కుర్రాడు. పోయినేడాది వెయ్యి యార్డులు దాటిన రికో డౌడల్ కూడా కరొలైనాకి పోయాడు. సరే, అది అలా ఉంచితే మొన్న గురువారం మైకా పార్సన్స్‌ని గ్రీన్ బేకి ఇచ్చేశారు. ఆయన డిఫెన్స్ ఆటగాడే, కానీ సిన్సినాటి లెక్క గుర్తు తెచ్చుకోండి. డిఫెన్స్ బలహీనపడితే డాక్ ఎక్కువ విసరాలి. ఫ్యాంటసీలో లాంబ్, డాక్ ఇద్దరి విలువా నా దృష్టిలో గురువారం తర్వాత పెరిగింది. గెలుపుల సంగతి నన్ను అడక్కండి, బావతో ఇంకా చుట్టరికం నడవాలి.

కాబట్టి మీరు దేనికోసం ఎంచుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఫ్యాంటసీలో మొదటి పిక్ మీదైతే కళ్లు మూసుకుని చేజ్, డిఫెన్స్ బాగుపడితే తప్ప ఆ వరద ఆగదు. క్వార్టర్‌బ్యాక్ కోసం తొందరపడొద్దు, ఒకవేళ పడితే లమార్ లేదా అలెన్, ఎందుకంటే కాళ్లతో వచ్చే పాయింట్లు చేతి పాయింట్ల కన్నా నమ్మకమైనవి. డెట్రాయిట్ వాళ్లలో గిబ్స్‌ని తీసుకోండి, గాఫ్‌ని వేరేవాళ్లకి వదిలేయండి, మధ్యలో లైన్ వణికితే ముందు దెబ్బ తగిలేది విసిరేవాడికే. సీజన్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు ఎవరివి అనే భోజనం పందెమైతే బఫలో, రెండోది బాల్టిమోర్, ఈగల్స్ ఆ తర్వాత. ఊరికే ఆట నేర్చుకుందామని కూర్చునేవాళ్లు సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి టీవీ ముందు ఉండండి, మన టైమ్ ప్రకారం 7:20కి రేవెన్స్ బఫలో వెళ్తున్నారు. రిసీవర్లను తర్వాత చూడొచ్చు, మొదటి పది నిమిషాలు ఆ ఐదుగురినే చూడండి.

మా భోజనం పందేనికి చీటీలు నిన్న రాశాం. నేను బఫలో అని రాసి మడిచి స్టీలు డబ్బాలో వేశా. బావ చీటీ కూడా తీసుకోలేదు. "నాది నీకు తెలుసుగా, నువ్వే రాసెయ్" అని మిర్చి బజ్జీలు తేవడానికి లోపలికి వెళ్లిపోయాడు.